మీటరు ఒక్కటే మార్చితే సరిపోతుందా?

జిల్లాలో కరెంటు మాట ఎత్తితే చాలు, ఇప్పుడు అందరి నోటా స్మార్టు మీటరు సంగతే వినవస్తున్నది. ఒక వర్గంవారు దానిని రైతు మెడకు ఉరిత్రాడు అంటున్నారు. రెండవ వర్గంవారు అది వస్తే నష్టాలు పోతాయి, కోతలు పోతాయి, దొంగ కరెంటు పోతుంది అంటున్నారు. ఈ రెండు వాదాలలోనూ మన ఊరి చివర చింతచెట్టు క్రింద వున్న ట్రాన్స్‌ఫార్మరు ప్రసక్తి రావడం లేదు. దానికి కరెంటు తెచ్చే పదకొండు వేల వోల్టుల లైను మాట, ఆ లైను బయలుదేరే సబ్‌స్టేషను మాట అసలే రావడం లేదు. మరమ్మతు ముందుగా కావలసినది అక్కడ. ఇంటి గోడకో, మోటారు పెట్టెకో తగిలించే మీటరు ఆ వ్యవస్థకు చిట్టచివరి కొస మాత్రమే.

మీటరు వద్దని ఈ వ్యాసం వాదించబోవడం లేదు. కొలత లేని సరుకు వ్యవహారం ఎన్నడూ సవ్యంగా సాగదని సంతకు పోయే ప్రతివారికీ తెలుసు. అభ్యంతరమల్లా వరుస గురించే. పునాది వేయకుండా పైకప్పు వేస్తామంటే ఎవరు నమ్ముతారు?

మన రైతాంగానికి మీటరు అంటే అనుమానం ఎందుకు వచ్చిందో పైనున్న అధికార్లు ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1980ల తొలినాళ్ళలో వ్యవసాయ మోటార్లకు మీటరు చూసి బిల్లు వేసే పద్ధతి తీసివేసి, హార్సుపవరుకు ఏడాదికి ఇంత అని శ్లాబు రేటు పెట్టారు. తరువాత విద్యుత్ బోర్డును విడగొట్టారు. ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపునకు నిరసన తెలిపినవారిపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 మే 14న ఉచిత విద్యుత్తు దస్త్రంపై ముఖ్యమంత్రి తొలి సంతకం చేశారు. ఇంత చరిత్ర వెనుక వున్నప్పుడు, ఒక ఉదయం ఎవరో వచ్చి మోటారుకు మీటరు బిగిస్తామంటే, రేపు బిల్లు చేతిలో పెడతారేమోనని రైతు అనుకోవడంలో తప్పేమున్నది?

అందులోనూ ఈ ప్రయోగానికి రాష్ట్రంలో మొదట ఎంచుకొన్నది మన శ్రీకాకుళం జిల్లానే. రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే విద్యుత్ సంస్కరణలు కూడా చేయాలని 2020 మే నెలలో కేంద్రం షరతు పెట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఉచిత విద్యుత్తును నగదు బదిలీ క్రిందికి మార్చుతూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మోటారుకు మీటరు పెట్టి, ఎన్ని యూనిట్లు కాలితే అంత సొమ్ము రైతు ఖాతాలో వేసి, అక్కడినుండి పంపిణీ సంస్థకు చేర్చడం ఆ పథకం. మీటర్లు పెట్టాక జిల్లాలో వ్యవసాయ వాడకం మూడోవంతు వరకు తగ్గిందని ఆనాటి ప్రభుత్వం ప్రకటించింది. ఆ తగ్గుదల రైతు పొదుపు వల్ల వచ్చిందా, ఆ ఏటి వానల వల్ల వచ్చిందా, లేక వెనుకటి అంచనాయే ఎక్కువ వేసి వుండడం వల్ల వచ్చిందా అన్నది విడదీసి చెప్పినవారు లేరు. తరువాత రాజకీయం అడ్డుపడింది. ఆ పథకం వివాదాలలో చిక్కుకొన్నది. పార్టీలు అధికారంలో వుంటే ఒక మాట, లేకుంటే మరొక మాట చెప్పడం ప్రజలు చూస్తూనే వున్నారు.

పైన చెప్పిన మూడవ అనుమానమే అన్నింటికన్నా ముఖ్యం. మీటరు లేని మోటారు ఎంత కరెంటు వాడిందో ఎలా తెలుస్తుంది? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా తీసుకొని, వాటికి మీటర్లు పెట్టి, ఆ అంకెలను బట్టి జిల్లా మొత్తానికి, రాష్ట్రం మొత్తానికి లెక్క కడుతూ వచ్చారు. సబ్‌స్టేషను నుండి బయలుదేరిన కరెంటులో ఇళ్ళకు, దుకాణాలకు, మిల్లులకు బిల్లు వేసినది పోగా మిగిలిన దానిలో కొంత దారిలో తీగల వేడికి పోతుంది. కొంత దొంగతనానికి పోతుంది. కొంత మోటార్లకు పోతుంది. వీటిలో ఏది ఎంతో విడిగా కొలిచే సాధనం లేనప్పుడు, తేలనిదంతా వ్యవసాయం పద్దులో వ్రాయడం సులభం. ఎవడో కొక్కెం వేసి వాడుకొన్నదీ, పాత తీగ కాల్చుకొన్నదీ కలిసి రైతుకు ఇచ్చిన సబ్సిడీగా పుస్తకాలకెక్కితే, చివరకు చెడ్డపేరు రైతుది. రైతుల వల్లనే సంస్థలు మునిగిపోతున్నాయని పట్నంలో కూర్చొని వ్రాసేవారికి ఈ సంగతి పట్టదు.

కాబట్టి ట్రాన్స్‌ఫార్మరుకు మీటరు వుండడం రైతుకే మేలు. అది పావుగంటకో, అరగంటకో ఒకసారి మూడు ఫేజుల మీద కరెంటు ఎంత, వోల్టేజి ఎంత అన్నది తనంతట తాను వ్రాసుకొని, సెల్‌ఫోను కబురు పోయినట్లుగా ఆఫీసుకు పంపుతుంది. ఫీడరు దగ్గర ఒక మీటరు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక మీటరు వుంటే మధ్యలో ఎంత పోయిందో కూడిక తీసివేత వచ్చిన పిల్లవాడు కూడా చెప్పగలడు. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 17న ఇచ్చిన ప్రకటన కూడా ఈ వరుసే చెప్పింది. ఫీడర్లన్నింటికీ 2022 డిసెంబరు నాటికి, ట్రాన్స్‌ఫార్మర్లకు ఆ తరువాత 2023, 2025 గడువులలోగా మీటర్లు పెట్టాలన్నది. అంతేకాదు, ముందుగా డబ్బు చెల్లించి వాడుకొనే ప్రీపెయిడు పద్ధతి వ్యవసాయదారులకు వర్తించదని అదే ప్రకటనలో వున్నది. ఈ మాట ఊళ్ళలో ఎవరైనా చాటింపు వేయించి చెప్పారా? చెప్పి వుంటే సగం భయం పోయేది.

ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవడం సంగతి చూద్దాం. గ్రామంలో ట్రాన్స్‌ఫార్మరు పాడయితే 48 గంటలలోగా, పట్టణంలో అయితే 24 గంటలలోగా మార్చాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏనాడో నియమం పెట్టింది. నాట్లు వేసిన మడి ఎండకు నెర్రెలు తీస్తున్నప్పుడు ఆ 48 గంటలు ఎంత పొడుగో రైతుకు తెలుసు. అసలు అది కాలకుండా చూడడం మేలు కదా. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మీద 5 హార్సుపవరు మోటార్లు నాలుగో అయిదో నడుస్తాయి. కాగితం మీద 5 అని వ్రాయించి, నూతిలో ఏడున్నర దింపేవారు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. వీరికి తోడు ఆటోస్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తాయి. లేచే క్షణంలో మోటారు మామూలు కంటె అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక్క గుమ్మంలోంచి పదిమంది ఒకేసారి తోసుకువస్తే ద్వారబంధం విరిగినట్లే ట్రాన్స్‌ఫార్మరు చుట్టలు కాలిపోతాయి. ఇందులో రైతు తప్పు కూడా వున్నదని చెప్పక తప్పదు. 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు ఒకటి 5 హార్సుపవరు మోటారుకు తగిలిస్తే లైను మీద బరువు తగ్గుతుంది, వోల్టేజి నిలుస్తుంది. ఉచిత విద్యుత్తు ఇచ్చిన తొలినాళ్ళలోనే కెపాసిటరు, ఐ.ఎస్.ఐ. గుర్తు మోటారు వుండాలని షరతు పెట్టారు. ఎన్ని మోటార్ల దగ్గర కెపాసిటర్లు తీగ తెగి గూటిలో పడి వున్నాయో వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

మీటరున్న ట్రాన్స్‌ఫార్మరు ఈ గొడవను ముందే చెప్పగలదు. ఒక ఫేజు మీద బరువు ఎక్కువై, మరొక ఫేజు ఖాళీగా వుంటే ఆఫీసులో కనబడుతుంది. లైన్‌మన్ వచ్చి రెండు కనెక్షన్లు అటుదిటు మార్చితే సరిపోతుంది. వోల్టేజి పడిపోయిన వేళలు, కరెంటు ఎన్ని గంటలు వచ్చింది, ఎన్ని గంటలు పోయింది అన్నీ అందులో వుంటాయి. తొమ్మిది గంటలు ఇచ్చామని ఆఫీసువారు, ఆరు గంటలే వచ్చిందని రైతులు ప్రతి వేసవిలోనూ తగవులాడుకొంటున్నారు. ఆ తగవుకు సాక్షి దొరుకుతుంది. అయితే ఆ సాక్ష్యం ఆఫీసు కంప్యూటరులోనే దాగి వుంటే ఊరికి ఏమి లాభం?

ఇక ఈ స్మార్టు అన్న మాటకు అర్థమేమిటో మన చుట్టూ వున్న సంగతులతోనే చూడవచ్చును. దేశంలోని కరెంటు లైన్లన్నీ కలిసిన వలను గ్రిడ్డు అంటారు. రథోత్సవంలో తాడు పట్టుకొన్నవారంతా ఒకే ఊపున లాగినట్లు, ఈ గ్రిడ్డులోని ఉత్పత్తి యంత్రాలన్నీ సెకనుకు 50 ఆవర్తనాల చొప్పున ఒకే తాళంలో తిరగాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే తాళం మందగిస్తుంది. ఉత్పత్తి ఎక్కువైతే జోరెక్కుతుంది. ఏది మితి మించినా యంత్రాలు తమను కాపాడుకొనడానికి తప్పుకొంటాయి. కొన్ని తప్పుకొంటే మిగిలిన వాటిమీద భారం పడి అవీ తప్పుకొంటాయి. 2012 జూలై 30న, మరునాడు 31న ఉత్తర భారతంలో జరిగింది అదే. రెండవనాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి, దేశ జనాభాలో సగం మంది నివసించే ప్రాంతాలకు కరెంటు పోయింది. దక్షిణాది అప్పటికి అదే తాళంలో కలిసి లేదు గనుక మనం బయటపడ్డాము. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు మధ్య 765 కె.వి. లైను ద్వారా మనమూ కలిశాము. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్డు. కరువు వేళ బయటి కరెంటు తెచ్చుకొనడానికి అది వరం, ఎక్కడో జరిగిన తప్పు ఇక్కడికి ప్రాకడానికి అది దారి.

అంత పెద్ద వలను తాళం తప్పకుండా నడపవచ్చునని 2020 ఏప్రిల్ 5 రాత్రి చూశాము. ఆ రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు దీపాలు ఆర్పివేయాలని ప్రధాని కోరగా, దేశంలో వాడకం సుమారు 31 వేల మెగావాట్లు ఒక్కసారిగా పడిపోయి, వెంటనే మళ్ళీ లేచింది. లోడ్ డిస్పాచ్ కేంద్రాలవారు జలవిద్యుత్ యంత్రాలను తగ్గించి, పెంచి గ్రిడ్డును నిలబెట్టారు. పైస్థాయిలో కళ్ళూ చెవులూ వున్నాయి గనుక అది సాధ్యమైంది. ఢిల్లీ నుండి సబ్‌స్టేషను దాకా ప్రతి అంకె కనబడుతున్నది. సబ్‌స్టేషను దాటి మన ఊరి దారి పట్టాక చీకటి. ఫ్యూజు పోయిన సంగతి ఎవరైనా ఫోను చేసి చెబితే తప్ప తెలియదు.

ఈ చీకటిని పోగొట్టడానికి పరికరాలు కావాలి. పరికరాలు చేసే కంపెనీలు అనేకం. ఇక్కడే అందరికీ ఒకే ప్రమాణం అన్న ప్రశ్న వస్తుంది. ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకులే అనుకొనరాదు. మన జిల్లావారికి దీనికి కంటి ఎదుటి ఉదాహరణ వున్నది. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేశారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. నౌపడ మీదుగా పోయే పెద్ద లైను వెడల్పు అయిదున్నర అడుగులు. ఆ బండి ఈ పట్టా ఎక్కదు, ఈ పెట్టె ఆ పట్టా ఎక్కదు. గుణుపురం వైపు నుండి వచ్చిన సరుకంతా నౌపడలో దింపి, మోసి, మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. కూలి, కాలం, చిరిగిన బస్తాలు అన్నీ నష్టమే. ఆ చిన్న రైలును 2004లో నిలిపి, బ్రాడ్‌గేజిగా మార్చగా 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద బండి నడిచింది. అంటే వందేళ్ళకు పైగా ఒక కొలత తేడాకు మూల్యం చెల్లించుకొన్నాము.

కొలతల సంగతీ అంతే. కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల పేర్లు ఒకటే అయినా ఒక సంత కుంచం మరొక సంతలో సరిపోయేది కాదు. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఒక కుంచం పెట్టుకొన్న షావుకార్ల కథలు పెద్దవాళ్ళు చెప్పగా వినే వుంటారు. 1956లో చట్టం చేసి, ఆ తరువాతి కొద్ది సంవత్సరాలలో దేశమంతటా కిలో, లీటరు ప్రవేశపెట్టాక గదా ఆ మోసం సన్నగిల్లింది.

స్మార్టు మీటరుకు మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2015లో ఐ.ఎస్. 16444 అనే ప్రమాణం తెచ్చింది. మీటరు తన అంకెలను ఆఫీసుకు ఏ భాషలో చెప్పాలో ఐ.ఎస్. 15959 చెబుతున్నది. ఇవి మంచి ప్రమాణాలే. చిక్కు ఎక్కడంటే, మీటరు మాట్లాడే భాష ఒకటే అయినా ఆ కబురు మోసుకుపోయే రేడియో వల కంపెనీకొక తీరుగా వుండవచ్చును. ఒక కంపెనీ వలలో మరొక కంపెనీ మీటరు చేరకపోతే, రేపు ఆ కంపెనీ దివాలా తీసినా, అడిగినంత ధర చెప్పినా, పంపిణీ సంస్థ చేతులు కట్టివేసినట్లే. మళ్ళీ నౌపడలో బస్తాలు దింపి ఎక్కించిన కథే. ఈ మీటర్లు పెట్టే పని దాదాపు పదేళ్ళ ఒప్పందాల మీద ప్రైవేటు కంపెనీలకు ఇస్తున్నారు. పెట్టుబడి వారు పెడతారు. నెలకు మీటరుకు ఇంత అని పంపిణీ సంస్థ చెల్లిస్తుంది. మామూలు రాష్ట్రాలలో ప్రీపెయిడు మీటరుకు కేంద్రం ఇచ్చే సాయం ఖరీదులో 15 శాతం, అది కూడా 900 రూపాయలకు మించదు. మిగిలినది ఛార్జీల రూపంలోనో, పన్నుల రూపంలోనో మన మీదనే పడుతుంది. అందుకని ఒప్పందంలో ఏమి వ్రాసుకొన్నారో, వేరే కంపెనీ మీటరు అదే వలలో పనిచేస్తుందో లేదో అడిగే హక్కు మనకు వున్నది.

తెలివైన యంత్రం తప్పు చేస్తే ఆ తప్పు కూడా పెద్దదిగానే వుంటుందని మరువరాదు. 2020 ఆగస్టు 12న, కృష్ణాష్టమి నాడు, ఉత్తరప్రదేశ్‌లో స్మార్టు మీటర్లకు ఆఫీసు నుండి కనెక్షను తీసివేయమని పొరపాటున ఆదేశం పోయింది. లక్షకు పైబడిన ఇళ్ళలో ఒక్కసారిగా కరెంటు పోయింది. కృష్ణుడు పుట్టింది చీకటి రాత్రే గదా అని వారు సరిపెట్టుకోలేదు. పెద్ద గొడవ జరిగి, అక్కడ మీటర్లు పెట్టడమే కొంతకాలం నిలిపివేశారు. 2024 మే నెలలో గుజరాత్‌లోని వడోదరలో ప్రీపెయిడు మీటర్లు జోరుగా తిరుగుతున్నాయని జనం వీధికెక్కగా, పోల్చి చూసుకొనడానికి ప్రక్కన మరొక మీటరు పెట్టించవలసి వచ్చింది. పూర్వం ఫ్యూజు పీకాలంటే మనిషి మెట్లెక్కి ఇంటికి రావాలి. ఇంటిలో పసిబిడ్డ వున్నదనో, రోగి వున్నాడనో చెబితే ఒకరోజు ఆగేవాడు. ఇప్పుడు దూరాన ఎవరో మీట నొక్కితే పోతుంది. కాబట్టి పోగొట్టే అధికారం ఎవరిది, ముందుగా తెలుగులో కబురు ఎలా పంపుతారు, పొరపాటు జరిగితే ఎన్ని గంటలలో తిరిగి ఇస్తారు అన్నవి కాగితం మీద వుండాలి.

జిల్లాకు ఇవన్నీ ఎందుకు కావాలో చెప్పడానికి తిత్లీ ఒక్కటి చాలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో కూలాయి. జీడితోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు వరుసలు వరుసలుగా పడిపోయాయి. ఇతర జిల్లాల నుండి వేలాది సిబ్బంది వచ్చి రాత్రింబవళ్ళు పనిచేశారు. వారి శ్రమను తక్కువ చేయరాదు. అయినా చాలా గ్రామాలు రోజుల తరబడి చీకటిలో వున్నాయి. అద్దె జనరేటర్లతో ట్యాంకులు నింపుకొన్నారు. ఏ స్తంభం ఎక్కడ పడిందో, ఏ ఊరికి లైను సగం దాకా బాగున్నదో తెలుసుకొనడానికే ఎంతో కాలం పోయింది. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చి వున్నాయి. తుపాను మనకు చుట్టపుచూపు కాదు, ఏటా వచ్చే పండుగ వంటిది.

మీటరున్న ట్రాన్స్‌ఫార్మరు కరెంటు పోయే ఆఖరు క్షణంలో పోతున్నానని ఒక కబురు పంపగలదు. అటువంటి కబుర్లు పటం మీద పెట్టి చూస్తే లోపం ఏ రెండు ఊళ్ళ మధ్య వున్నదో తెలుస్తుంది. ఇంకా చవుకైన సాధనం ఒకటున్నది. లైను మీద అక్కడక్కడ తగిలించే సూచిక దీపం. లోపపు కరెంటు తనగుండా పోతే అది వెలుగుతుంది. లైన్‌మన్ రాత్రిపూట జీడితోటల్లో టార్చిలైటు పట్టుకొని మైళ్ళ తరబడి ప్రతి స్తంభం చూసుకొంటూ పోనక్కరలేదు. దీపం వెలిగినంత దూరం పోయి, వెలగని చోటికి ముందు వెతికితే చాలు. లైనును ముక్కలుగా విడదీసే స్విచ్చులు వుంటే పాడయిన ముక్కను వదలి తక్కినవారికి కరెంటు ఇవ్వవచ్చును. తనంతట తాను తిరిగి కలిపే బ్రేకరు వుంటే కొమ్మ తగిలి పోయిన కరెంటు నిమిషంలో వస్తుంది. సాయం లేక ఊరివారే డి.పి. ఎక్కి ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకొంటున్న వార్తలు ఈ పుటలోనే ఎన్నిసార్లు చూడవలసి వస్తున్నది!

ఉద్దానంలో ఇది మరీ ప్రాణాపాయం సంగతి. మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ మీద బ్రతుకుతున్నవారు అక్కడ ఎందరో వున్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి తాగునీటి పథకమూ అప్పుడే ప్రారంభమైంది. డయాలసిస్ యంత్రాలకు కరెంటు కావాలి, నీటి పంపులకు కరెంటు కావాలి. తుపాను మరునాడు ముందుగా ఏ లైను కలపాలన్నది అప్పటికప్పుడు ఎవరి పలుకుబడిని బట్టో తేలరాదు. ఆస్పత్రి, నీటి పంపు, ఆ తరువాత తక్కినవి అన్న వరుస ముందే నిర్ణయించి, ఆ లైన్లకు రెండో ప్రక్కనుండి కూడా కరెంటు వచ్చే దారి వేయాలి. అయితే యంత్రానికి తెలివి వచ్చినంత మాత్రాన స్తంభానికి బలం రాదు. గాలికి విరిగే స్తంభం మీద ఎంత స్మార్టు పెట్టె పెట్టినా ఆ పెట్టె కూడా మట్టిలోనే వుంటుంది. తీరప్రాంతంలో బలమైన స్తంభాలు, వీలైన చోట భూగర్భ తీగలు ముందు.

సౌరవిద్యుత్తు విషయం క్లుప్తంగా చెప్పుకొందాం. కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు వచ్చింది. ఇళ్ళ కప్పుల మీద పలకలు పెట్టుకొనేవారికి 2024లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం క్రింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. ఎండ కాచే వేళ కరెంటు పుష్కలం, దీపాలు పెట్టే వేళ కరవు. పూర్వం అర్ధరాత్రి కరెంటు ఇచ్చి, పాముకాట్ల పాలు, షాకుల పాలు చేసిన రైతుకు పగటిపూట ఇవ్వడం ఇప్పుడు గ్రిడ్డుకే లాభం. ఎండ వున్నప్పుడు మోటార్లు నడిస్తే మిగులు కరెంటు నీరుగా మారి మడిలో నిలుస్తుంది. మబ్బు పట్టినప్పుడు ఒక అరగంట ఆపి, తరువాత ఇవ్వవచ్చును. ఈ వెసులుబాటు వ్యవసాయం గ్రిడ్డుకు చేస్తున్న సేవ. దానికి విలువ కట్టిన అధికారి ఇంతవరకు కనబడలేదు. సోలారు ఎక్కువైనంత మాత్రాన సరిపోదు, వోల్టేజిని అదుపులో పెట్టే ఏర్పాటూ వుండాలి. 2025 ఏప్రిల్ 28న వోల్టేజి అదుపు తప్పి స్పెయిను, పోర్చుగల్ దేశాలు రెండూ గంటల తరబడి చీకటిలో పడ్డాయి. అవి డబ్బులేని దేశాలు కావు.

మీటరు ఇదివరకే పెట్టించుకొన్న ఇళ్ళవారు రెండు నియమాలు గుర్తు పెట్టుకోవాలి. స్మార్టు మీటరును రోజుకు ఒకసారి అయినా దూరం నుండి చదవాలని, ఆ వివరాలు వినియోగదారునికి అందుబాటులో వుంచాలని 2023లో సవరించిన కేంద్ర నియమాలు చెబుతున్నాయి. అంకె ఎక్కువ చూపిస్తున్నదని ఫిర్యాదు చేస్తే, 5 రోజులలోగా ప్రక్కన మరొక మీటరు పెట్టి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలని 2024 ఫిబ్రవరి సవరణలో వున్నది. ఫిర్యాదు 1912 నంబరుకు చెప్పి, నంబరు వ్రాసుకోవాలి. నోటిమాటగా లైన్‌మన్‌కు చెప్పి ఊరుకొంటే అది ఫిర్యాదు క్రింద లెక్కకు రాదు.

పంపిణీ సంస్థవారిని అడగవలసినవి ఇంతకంటె సూటిగా వున్నాయి. జిల్లాలో మీటరున్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, వాటిలో కబురు పంపుతున్నవి ఎన్ని? ఆ అంకెలను, ఏ ఊరికి ఎన్ని గంటలు కరెంటు వచ్చిందో ఆ వివరంతో సహా, ప్రతి నెలా సచివాలయం బోర్డు మీద తెలుగులో అంటించడానికి అభ్యంతరం ఏమిటి? ఒక కాగితం, కాస్త జిగురు కంటె దానికి ఖర్చు లేదు. మోటార్లకు మీటర్లు పెట్టే ఆలోచన మళ్ళీ వచ్చేటట్లయితే, అంతకు ముందు ఒక ఏడాది పాటు ఈ అంకెలు ఊరి ఎదుట వుండి తీరాలి. ఇక ఉద్దానం ఫీడర్లకు సూచిక దీపాలు, ముక్కలుగా విడదీసే స్విచ్చులు వచ్చే అక్టోబరు లోగా పెట్టగలరా, పెట్టలేరా అన్నది సంబంధిత అధికార్లు ఇప్పుడే చెప్పవలసి వున్నది.